పాత పింగాణీ ప్లేటును మొజాయిక్ ముక్కలుగా కోయడం ఎలా

మీ దగ్గర అంచు పెచ్చూడిన పింగాణీ ప్లేటు ఒకటి ఉందనుకుందాం. మధ్యలో గులాబీల గుత్తి, అంచు చుట్టూ సన్నని నీలి తీగ. వడ్డించడానికి పనికిరాదు, పారేయడానికి మనసొప్పదు. చిన్న ముక్కలను పక్కపక్కన అతికించి బొమ్మ కట్టే మొజాయిక్ పని మొదలుపెట్టే చాలామంది చేతికి మొదట వచ్చేది ఇలాంటి ప్లేటే. దాన్ని తువ్వాలులో చుట్టి సుత్తితో ఒక్కటేస్తే క్షణంలో ముక్కలైపోతుంది. నేనూ మొదట అలాగే చేశాను. తువ్వాలు విప్పి చూస్తే గులాబీ ఏడు ముక్కలై ఉంది, తీగ ఎక్కడికక్కడ తెగిపోయింది, ఒక్క పెంకు కూడా పక్క పెంకుతో కలిసేలా లేదు. ఆ ప్లేటు మా అమ్మమ్మది. ఆ రోజు పడ్డ బాధతోనే ప్లేటును కోయడం నేర్చుకున్నాను.

సుత్తిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బార్సిలోనాలో 1900, 1914 మధ్య కట్టిన పార్క్ గ్వెల్‌లో పాములా మెలికలు తిరిగే బెంచీ ఉంది. దాని నిండా పగిలిన టైళ్ళు, పింగాణీ పెంకులే. వాస్తుశిల్పి ఆంటోనీ గౌడీ, ఆయనతో కలిసి పనిచేసిన జుజోల్ వాడిన ఆ పద్ధతిని కాటలాన్ భాషలో ట్రెంకాడీస్ అంటారు. పగలగొట్టడం అనే మాటలోంచే ఆ పేరు వచ్చింది. ఫ్రాన్స్‌లోని షార్ట్ర్‌లో రేమండ్ ఇసిడోర్ అనే ఆయన 1938 నుంచి ఏళ్ళ తరబడి ఏరుకొచ్చిన పెంకులతో తన ఇంటిని లోపలా బయటా కప్పేశాడు. చండీగఢ్‌లో నేక్‌చంద్ తీర్చిదిద్దిన రాక్ గార్డెన్‌లోనూ పగిలిన పింగాణీ అడుగడుగునా కనిపిస్తుంది. వాళ్ళకు దొరికిందే పగిలిన సరుకు, కప్పాల్సినవి గోడలకు గోడలు. మీ దగ్గరున్నది ఒక్క ప్లేటు, కప్పాల్సింది ఒక ఫోటో ఫ్రేమో పూలకుండీయో. అంత చిన్న పనిలో ప్రతి ముక్కా కంటికి ఆనుతుంది. అందుకే కోత వస్తే మంచిది.

ముందుగా, మీ చేతిలో ఉన్నది నిజంగా పింగాణీయేనా?

ఈ ప్రశ్న దాటేయకండి, ప్రమాదం ఇక్కడే ఉంది. పాల రంగులో, పల్చగా, తేలిగ్గా ఉండి కిందపడినా ఓ పట్టాన పగలని ప్లేట్లు చాలా ఇళ్ళల్లో ఉంటాయి. ఓపల్‌వేర్ అంటారు. చూడటానికి పింగాణీలా ఉన్నా అది గాజు, అందులోనూ వేడిచేసి చల్లార్చి గట్టిపరచిన గాజు. లోపల ఒత్తిడి బిగబట్టుకుని ఉంటుంది. ముక్కలు కోసే పట్టకారులాంటి పనిముట్టు, నిప్పర్, ఒకచోట నొక్కితే ప్లేటంతా ఒక్కసారిగా తునకలై బ్లేడు ముక్కల్లాంటి పెంకులు ఎగిరిపడతాయి. దాన్ని ఏ పనిముట్టుతోనూ కోయడానికి ప్రయత్నించకండి. గుర్తుపట్టడానికి ప్లేటు తిరగేసి అడుగు చూడండి. పింగాణీ ప్లేటుకు అడుగున గుండ్రంగా ఒక చిన్న గట్టు ఉంటుంది, ఆ గట్టు మీద గ్లేజు, అంటే గాజులాంటి నున్నని పూత, లేకుండా కాస్త గరుకుగా తగులుతుంది. ఓపల్‌వేర్ అడుగు కూడా పైభాగంలాగే నున్నగా గాజులా ఉంటుంది. పెచ్చు ఊడిన చోట నిగనిగలాడుతూ గాజు విరిగినట్టు కనిపిస్తే అనుమానించండి. అనుమానం తీరకపోతే ఆ ప్లేటు పక్కన పెట్టేయడమే క్షేమం. మెలమైన్ ప్లేట్లయితే ప్లాస్టిక్, వాటితో ఈ పని జరగదు.

పింగాణీ అని మనం ఒకే మాటతో పిలిచేవాటిలో మూడు నాలుగు రకాలు ఉన్నాయి, కోతకు ఒక్కోటి ఒక్కోలా లొంగుతుంది. పెచ్చు ఊడిన చోట లోపలి మట్టి పసుపుపచ్చగానో సుద్దలాగానో కనిపించి, అక్కడ పెట్టిన నీటిచుక్కను పీల్చుకుంటే అది మట్టిపాత్రల జాతి, ఎర్తెన్‌వేర్. మందంగా ఉన్నా మెత్తగా తెగుతుంది. చేయి అలవాటయ్యేదాకా దీంతోనే సాధన చేయండి. లోపలి దాకా తెల్లగా, నీరు పీల్చకుండా ఉంటే అది పోర్సిలిన్ లేదా బోన్ చైనా. ప్లేటును వెలుతురుకు ఎదురుగా పట్టి వెనక వేళ్ళు ఆడించండి, వేళ్ళ నీడ కనిపిస్తే బోన్ చైనా కావచ్చు. దాని మట్టిలో కాల్చిన ఎముకల బూడిద మూడోవంతు నుంచి సగం దాకా కలుపుతారు. గట్టిదే అయినా పల్చన కాబట్టి మంచి నిప్పర్‌తో శుభ్రంగా, ముచ్చటగా తెగుతుంది. కాకపోతే అంచులు చాలా పదును. బరువుగా, రాయిలా ఉండే స్టోన్‌వేర్ అన్నిటికన్నా మొండిది. నాలుగు ముక్కలు కోసేసరికి మణికట్టు నొప్పి పుడుతుంది. మొదట్లో దాని జోలికి వెళ్ళకండి.

ఇంకొక పరీక్ష కూడా చేయండి. ప్లేటును మూడు వేళ్ళ మీద నిలబెట్టి గోటితో మీటండి. ఖంగుమంటే మంచి ప్లేటు. డొల్లగా, చచ్చిన శబ్దం వస్తే లోపల ఎక్కడో కంటికి కనపడని నెర్ర ఉన్నట్టే, మీరు కోసే కోత ఆ నెర్ర వెంట పారిపోతుంది. ఎర్తెన్‌వేర్ మామూలుగానే మందంగా మోగుతుంది కాబట్టి ఈ పరీక్ష గట్టి పింగాణీకే వర్తిస్తుంది.

బాగా పాత ప్లేట్ల విషయంలో ఒక హెచ్చరిక. పాత గ్లేజుల్లో, మీద అద్దిన రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో కాడ్మియం ఉండొచ్చు. అమెరికాలో 1936లో వచ్చిన ఫియెస్టా ప్లేట్ల ఎర్ర రంగుకు యురేనియం ఆక్సైడ్ వాడారు, మధ్యలో కొన్నేళ్ళు ఆపినా 1972 వరకు అది కొనసాగింది. అలాంటివి దొరికితే కోయకుండా అల్మారాలో ఉంచండి. మిగతావాటికి భయపడక్కర్లేదు గానీ, పని చేస్తూ ఏమీ తినకండి, తాగకండి. లేచే ముందు చేతులు సబ్బుతో కడగండి. గర్భిణులు, చిన్నపిల్లలు ఆ దగ్గర్లో ఉండకపోవడం మంచిది.

పనిముట్లు

కావలసింది ఒక్కటే, మంచి నిప్పర్. పట్టకారులా రెండు పిడులు, నోటి దగ్గర ఎదురెదురుగా రెండు చిన్న చక్రాలు ఉండే రకం తీసుకోండి. చక్రాలు కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసినవి కావాలి. గాజు మొజాయిక్ చేసేవాళ్ళు వాడేది ఇదే. టైళ్ళు పరిచే మేస్త్రీల దగ్గర ఉండే వెడల్పాటి నోటి టైల్ నిప్పర్ కూడా పనిచేస్తుంది, మందపాటి ఎర్తెన్‌వేర్‌కు అదే మేలు కూడా. కానీ పల్చని బోన్ చైనాను అది కోయదు, కొరికేస్తుంది. మామూలు కటింగ్ ప్లయర్, గాజు గీసే కలం ఈ పనికి వద్దు. ప్లేటు అద్దంలా చదునుగా ఉండదు, కాబట్టి గీత గీసి విరవడం కుదరదు.

చక్రాల నిప్పర్ కొన్న రోజే ఒక పని చేయండి. రెండు చక్రాలూ ఎదురెదురుగా ఒకే గీతలో ఉన్నాయా అని వెలుతురులో చూడండి. ఒకటి పక్కకు జరిగి ఉంటే కోత వంకరపోతుంది. చక్రాల మధ్యలోని మర మీద మార్కర్‌తో ఒక చుక్క పెట్టి ఉంచండి. కొన్ని వారాలకు కోత మొండిగా అనిపించినప్పుడు ఎలెన్ కీతో (ఆరు పలకల మర తాళంతో) మర వదులు చేసి, చక్రాన్ని కొద్దిగా తిప్పి మళ్ళీ బిగిస్తే కొత్త పదును ముందుకొస్తుంది. ఎంత తిప్పారో ఆ చుక్క చెబుతుంది. నిప్పర్ పాడైపోయిందని పారేసేవాళ్ళలో చాలామందికి చక్రం తిరుగుతుందన్న సంగతి తెలియదు.

దీనితోపాటు కళ్ళకు పక్కలు కూడా మూసే సేఫ్టీ గాగుల్స్, ఎన్‌95 మాస్క్, స్ప్రే సీసాలో నీళ్ళు, మార్కర్, మాస్కింగ్ టేప్, పాదాలు పూర్తిగా కప్పే చెప్పులు లేదా బూట్లు కావాలి. చూపుకు పెట్టుకునే మామూలు కళ్ళద్దాలు సరిపోవు. పెంకు పక్కనుంచి దూరుతుంది. గాగుల్స్ లేకుండా ఒక్క ముక్క కూడా కోయకండి. నిప్పర్ పట్టిన చేతికి గ్లవ్ అక్కర్లేదు, ప్లేటు పట్టిన చేతికి మాత్రం రబ్బరు పూత ఉన్న పల్చని గ్లవ్ వేసుకోండి. మందపాటి తోలు గ్లవ్ వేసుకుంటే ముక్క ఎక్కడుందో వేలికి తెలియదు.

పింగాణీ పొడి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఆ మట్టిలో సిలికా ఉంటుంది. కంటికి కనపడనంత సన్నని సిలికా ధూళి ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, అది తగ్గేది కాదు. నిప్పర్‌తో కోసినప్పుడు లేచే ధూళి తక్కువే. కానీ తరచూ చేస్తుంటే ఆ తక్కువే పోగవుతుంది. కోసే చోట ప్లేటు మీద నీళ్ళు చిలకరిస్తూ ఉండండి. పని అయ్యాక చీపురుతో ఊడవకండి, ఊడిస్తే కింద పడిన ధూళి మళ్ళీ గాల్లోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను విడిగా ఉతకండి. వంటగదిలో, పడకగదిలో ఈ పని పెట్టుకోవద్దు.

కోసే ముందు కాసేపు చూడండి

ప్లేటును శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఎదురుగా పెట్టుకోండి. ప్లేటుకు సొంత కట్టడం ఒకటి ఉంటుంది. బయట వెడల్పాటి అంచు పట్టీ. ఆ పట్టీ లోపలికి దిగే చోట ఒక వంపు. తర్వాత చదునైన నడిభాగం. నడిభాగం కింద, వెనకవైపు, ప్లేటు నిలబడే అడుగు గట్టు. కోత ఈ గీతలను గౌరవించినంతసేపూ సాఫీగా సాగుతుంది. వంపు మీదుగానో గట్టు మీదుగానో అడ్డంగా కోయబోతే పగులు మీ మాట వినదు, పక్కకు తిరిగి ఆ వంపు వెంటో గట్టు వెంటో పోతుంది. మందం మారే చోట పగులు దారి మార్చుకుంటుంది. ఇది తెలిశాక నా పని సగం తేలికైంది.

ఇప్పుడు ఏం మిగలాలో ముందే నిర్ణయించండి. మన ప్లేటులో గులాబీ గుత్తి చెక్కుచెదరకుండా కావాలి, నీలి తీగ వరుసగా కావాలి, మిగిలిన తెలుపు నింపుడు ముక్కలకు కావాలి. గుత్తి చుట్టూ ఒక వేలు వెడల్పు తెలుపు వదిలి మార్కర్‌తో గీత గీయండి. ఆ గీత లోపలికి నిప్పర్ చివరిదాకా రాకూడదు. అంచు పట్టీ మీద ముక్కల గుర్తులు పెట్టండి. వెనక్కి తిప్పి కంపెనీ ముద్ర చూడండి. అందమైన ముద్రలు ఉంటాయి, దాన్నీ ఒక ముక్కగా కాపాడుకోవచ్చు. కాకపోతే గులాబీ వెనకే ముద్ర ఉంటే రెండింట్లో ఒకటే దక్కుతుంది.

బొమ్మ ఎలా అచ్చయిందో వేలితో తడిమి చూడండి. వేలికి కాస్త ఎత్తుగా తగిలితే అది గ్లేజు మీద అద్దిన రంగు, గీతలు పడుతుంది. నున్నగా ఉంటే గ్లేజు కింద ఉన్నట్టు, ఏమీ కాదు. మీద అద్దిన రంగయితే బొమ్మ మీద మాస్కింగ్ టేప్ అంటించి పని మొదలుపెట్టండి. దీనివల్ల మరో లాభం కూడా ఉంది. పొరపాటున గులాబీ పగిలినా ముక్కలు చెదరకుండా టేపుకు అంటుకునే ఉంటాయి, అలాగే ఎత్తి అతికించవచ్చు.

మొదటి కోత

ఒక వెడల్పాటి అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, నోరు మీవైపు ఉండేలా బల్ల మీద పెట్టండి. చేతులు పెట్టెలో ఉంచి కోస్తే ఎగిరే పెంకులన్నీ అందులోనే పడతాయి.

ప్లేటు అంచును ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోండి. నిప్పర్‌ను పిడి చివర్లలో పట్టుకోండి. చక్రాలకు దగ్గరగా పట్టుకుంటే రెట్టింపు బలం పెట్టాల్సి వస్తుంది. చక్రాలు అంచు లోపలికి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే వెళ్ళాలి. కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ప్లేటును చక్రాల మధ్య లోతుగా దూర్చి, కత్తెరతో కాగితం కోసినట్టు కోయాలనుకోవడం. నిప్పర్ కోయదు, పగులుకు నాంది పలుకుతుంది అంతే. పింగాణీ నొక్కుడుకు తట్టుకుంటుంది గానీ సాగదీతకు తట్టుకోదు. రెండు చక్రాలూ అంచును ఉలిలా చీల్చబోతాయి, అక్కడ పుట్టిన సన్నని పగులు చక్రాలు చూపుతున్న దిక్కుకే పరిగెడుతుంది. కాబట్టి పగులు ఎటు పోవాలో చక్రాలు అటు చూస్తూ ఉండాలి.

ఇప్పుడు మెల్లగా నొక్కండి. గబుక్కున కాదు. నిమ్మకాయ పిండుతున్నట్టు బలం కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. టక్ అన్న శబ్దంతో విడిపోతుంది. ఆ క్షణంలో చేయి బిగుసుకుపోతుంది, భయం వేస్తుంది, మొదటి పది కోతలూ అంతే. తర్వాత ఆ శబ్దం కోసమే చెవి ఎదురుచూస్తుంది. విడిపోకపోతే ఇంకా గట్టిగా నొక్కకండి. నిప్పర్ తీసి ప్లేటు తిరగేసి అదే గీత మీద వెనక నుంచి ప్రయత్నించండి.

పగులు తిన్నగా పోవాలంటే ఒక సూత్రం ఉంది. ఎప్పుడూ సగానికి సగం కోయండి. పగులుకు రెండు పక్కలా సమానమైన బరువు ఉంటే అది మధ్యలోంచి పోతుంది. ఒక పక్క పెద్దది, ఇంకో పక్క సన్నని చీలిక ఉంటే పగులు బలహీనమైన చీలిక వైపే వంగి అక్కడే తేలిపోతుంది. నాలుగు ముక్కలు కావాలంటే వరుసగా ఒక్కోటి కోస్తూ పోకండి. ముందు రెండు చేసి, ఆ రెంటినీ రెండేసి చేయండి.

అంచు పట్టీ

నడిభాగంలో బొమ్మ ఉన్న ప్లేటుకు పని ఎప్పుడూ బయటి నుంచి లోపలికి సాగాలి. అంచు మీద మీరు పెట్టిన గుర్తు దగ్గర చక్రాలను ప్లేటు కేంద్రం వైపు చూసేలా పెట్టి నొక్కండి. పగులు వంపు దాకా వచ్చి చాలాసార్లు అక్కడే ఆగుతుంది. అలా ఆగడమే మనకు కావాలి. రెండున్నర సెంటీమీటర్లు జరిగి ఇంకొకటి వేయండి. ఇప్పుడు రెండు పగుళ్ళ మధ్య ఉన్న ముక్క వంపు దగ్గర మాత్రమే అంటుకుని ఉంటుంది. ఒక పగులు లోపలి కొనలో నిప్పర్ పెట్టి, చక్రాలు వంపు వెంట చూసేలా తిప్పి నొక్కితే ముక్క ఊడి వస్తుంది. మొట్టమొదటి ముక్కే కష్టం, అది విరిగిపోతుంది కూడా. పెచ్చు ఊడిన చోటు నుంచి మొదలుపెడితే ఎలాగూ పోయే ముక్కే పోతుంది. తర్వాత నిప్పర్ పక్కనుంచి దూరడానికి చోటు దొరుకుతుంది కాబట్టి వేగం వస్తుంది.

కొన్ని పగుళ్ళు వంపు దగ్గర ఆగకుండా గులాబీల మీదికి పోతాయి. అలా పోయే ప్లేట్లలో, ముఖ్యంగా బోన్ చైనాలో, ముందే వంపు వెంట అంచును చిన్న చిన్న గాట్లతో సన్నగా చేసుకుంటూ రండి. బయటి నుంచి ఐదారు మిల్లీమీటర్ల కొరుకులు. అంచు ముక్కలు కొన్ని పాడవుతాయి, బొమ్మ దక్కుతుంది. ఏది ముఖ్యమో ముందే నిర్ణయించుకోమన్నది ఇందుకే.

ఇరవై అయిదు సెంటీమీటర్ల ప్లేటు చుట్టుకొలత సుమారు 78 సెంటీమీటర్లు. రెండున్నర సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కోస్తే ముప్పై ముక్కల దాకా వస్తాయి, విరిగేవి పోను పాతిక మిగిలితే మంచి కోతే. పట్టీ వెడల్పు మూడున్నర సెంటీమీటర్లయితే ఒక్కో ముక్క బయటివైపు రెండున్నర, లోపలివైపు ఒకటీ ముప్పావు అలా ఉంటుంది. అంటే చతురస్రం కాదు, ఒకవైపు ఇరుకైన పలక. వాటిని ఉన్నది ఉన్నట్టు పక్కపక్కన పేరిస్తే మళ్ళీ గుండ్రమే వస్తుంది. తిన్నని ఫ్రేము మీద పెట్టాలంటే ఒక ముక్కను నిలువుగా, పక్క ముక్కను తలకిందులుగా పెడుతూ పోండి, వరుస తిన్నబడుతుంది. ఒకే రంగు పట్టీకి ఇది బాగుంటుంది. మన నీలి తీగకు మాత్రం వద్దు, తీగ పైకీ కిందకీ ఎగురుతుంది. తీగ ఉన్న ముక్కలకు వెడల్పు వైపు రెండు మూలలూ కొద్దికొద్దిగా కొరికి దీర్ఘచతురస్రం చేయండి. ఓపిక కావాలి, కానీ తీగ తెగకుండా ఫ్రేము చుట్టూ పాకుతుంది. కోసిన ముక్కలను వచ్చిన వరుసలోనే టేపు మీద అంటించుకుంటూ వెళ్ళడం మరవకండి. కలిసిపోతే తీగ వరుస మళ్ళీ కుదర్చడానికి ఒక సాయంత్రం పడుతుంది.

అడుగు గట్టు

అందరినీ ఏడిపించేది ఇది. వెనక ఉన్న గట్టు పోకపోతే ముక్క చదునుగా కూర్చోదు.

గులాబీ గుత్తి గట్టు లోపలే సరిపోతే అదృష్టం. అంచు పట్టీ తీసేశాక చేతిలో ఒక గుండ్రని బిళ్ళ మిగులుతుంది. దాన్ని వెనక్కి తిప్పి, గట్టు బయటివైపు మిగిలిన పలకను చిన్న కొరుకులతో గట్టు దాకా తెచ్చేయండి. తర్వాత ఒకచోట చక్రాలను గట్టుకు అడ్డంగా, కేంద్రం వైపు చూసేలా పెట్టి ఒక చిన్న గాటు వేయండి. గట్టు తెగుతుంది. ఆ సందులోంచి నిప్పర్ దూర్చి, ఒక చక్రం గట్టు లోపలి మూలలో, ఇంకోటి ముందువైపు దానికి సరిగ్గా ఎదురుగా ఉండేలా పెట్టి, గట్టు వెంట చిన్న ముక్కలుగా ఊడదీసుకుంటూ చుట్టూ తిరగండి. ఒక్కో కొరుకు అర సెంటీమీటరు దాటకూడదు. ఈ పని తొందరగా చేసి నేను పోగొట్టుకున్న బొమ్మలు చాలా ఉన్నాయి. మధ్యలో చేయి నొప్పి పుడితే ఆపండి, మర్నాడు చేయండి. అలిసిన చేయి ఒక్కసారిగా నొక్కేస్తుంది.

గుత్తి గట్టును దాటి ఉంటే, అంటే గట్టు సరిగ్గా బొమ్మ కిందే పోతుంటే, నిప్పర్‌తో పని కాదు. రెండు దారులు. చిన్న రోటరీ మెషీన్‌కు డైమండ్ బిళ్ళ తగిలించి, నీళ్ళు చల్లుతూ గట్టును అరగదీయడం ఒకటి. ధూళి ఎక్కువ వచ్చేది ఇక్కడే కాబట్టి మాస్క్ తప్పనిసరి, మెషీన్ వైరు తడికి దూరంగా ఉండాలి, బ్యాటరీ మెషీన్ అయితే ఇంకా మంచిది. రెండో దారి గట్టును అలాగే వదిలేసి, దాని ఎత్తు ఎంతో కొలిచి, చుట్టూ పెట్టే ముక్కల కింద టైల్ అడెసివ్ అంత మందంగా వేయడం. నాకు రెండోదే ఇష్టం. బొమ్మకు అపాయం లేదు, పైగా మిగతావాటికన్నా ఒక రవ్వ ఎత్తులో నిలిచిన గులాబీ చూడటానికి బాగుంటుంది.

గట్టు ఉన్న ముక్కలను పారేయకండి. పూలకుండీ అంచులాంటి వంపు ఉన్న చోట అవి కొన్నిసార్లు అచ్చంగా కూర్చుంటాయి.

బొమ్మను దిద్దడం

ఇక గుత్తి చుట్టూ మిగిలిన తెలుపు. వంపులను ఒకే కోతతో తీయాలనుకోకండి. గీతకు ఆనుకునే తిన్నని కోతలు నాలుగైదు వేసి ముందు మూలలు తీసేయండి. తర్వాత ఒకటి రెండు మిల్లీమీటర్ల కొరుకులతో గీత దగ్గరికి రండి. ప్రతి కొరుకులో చక్రాల్లో సగమే అంచు మీద ఉండాలి. లోపలికి గుచ్చుకుపోయే వంపులు, రెండు రేకుల మధ్య సందుల్లాంటివి, నిప్పర్‌తో రావు. అక్కడ కొంచెం తెలుపు వదిలేయండి. పక్కన తెల్ల ముక్కలే వస్తాయి కాబట్టి ఎవరికీ కనపడదు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ప్లేటు నడిభాగం చదునుగా కనిపించినా చాలాసార్లు కొంచెం గుంటగా ఉంటుంది. పెద్ద ముక్కను బొమ్మ పైకి ఉండేలా బల్ల మీద పెట్టి మూలలు నొక్కండి, ఊగుతుంటే గుంట ఉన్నట్టు. మరీ ఊగితే గుత్తిని రెండు పువ్వుల మధ్యలోంచి, బొమ్మలో ఇప్పటికే గీత ఉన్న చోట, రెండుగా కోయండి. కాడ వెంటో ఆకు అంచు వెంటో పోయిన కోతను గ్రౌట్, అంటే ముక్కల మధ్య సందుల్లో నింపే ముద్ద, దాచేస్తుంది. రేకు మధ్యలోంచి పోయిన కోతను ఏదీ దాచలేదు.

పదును తీసి అతికించడం

కోసిన ప్రతి ముక్క అంచూ బ్లేడే. గ్రౌట్ కింద ఉండిపోయే ముక్కలకు పర్వాలేదు. చేతికి తగిలే చోట, ఫ్రేము బయటి అంచులో, ట్రే పక్కల్లో పెట్టే ముక్కలను మాత్రం తడిపిన సానరాయి మీద గానీ డైమండ్ హ్యాండ్ ప్యాడ్ మీద గానీ నాలుగు రుద్దులు రుద్దండి. ఏటవాలుగా, గ్లేజు వైపు నుంచి వెనక్కి రుద్దితే గ్లేజు పెచ్చులూడదు. వేలు రాసి చూసి పరీక్షించకండి, పాత సాక్సు ముక్కతో తుడవండి, దారం చిక్కుకుంటే ఇంకా పదును ఉన్నట్టు.

ఇంట్లో, పొడిగా ఉండే వస్తువుకైతే పీవీఏ జిగురు (చెక్కకు వాడే తెల్ల జిగురు) చాలు. బయట ఎండా వానల్లో ఉండే కుండీకి, నీళ్ళు తగిలే చోటికి టైల్ అడెసివ్ వాడండి. ముక్కల మందం ఒకటి కానప్పుడు జిగురును అతికించే వస్తువు మీద కాకుండా ముక్క వెనక రాసుకుని, పక్క ముక్క ఎత్తుకు సరిపోయేదాకా నొక్కండి. సందులు రెండు మూడు మిల్లీమీటర్లు ఉండనివ్వండి. ఒక రోజంతా ఆరాకే గ్రౌట్ వేయండి. ఎర్తెన్‌వేర్ గ్లేజు మీద సాలెగూడులా సన్నని నెర్రలు ఉంటే ముదురు గ్రౌట్ వద్దు, ఆ రంగు నెర్రల్లోకి దిగి మళ్ళీ పోదు. అలాగే బంగారు గీత ఉన్న అంచులు. ఆ బంగారం గ్లేజు పైన పల్చని పొర, గ్రౌట్ గరుకుకు అరిగిపోతుంది. గ్రౌట్‌కు ముందు గీత మీద టేప్ వేయండి, తర్వాత యాసిడ్ ఉన్న క్లీనర్‌తో కడగకండి. ఆ మొజాయిక్ మీద భోజనం, పళ్ళు నేరుగా పెట్టుకునేలా వాడొద్దు.

మిగిలిన పెంకులు

ఒక ప్లేటు కోస్తే కావలసిన ముక్కలతోపాటు గుప్పెడు ఎందుకూ పనికిరానట్టు కనిపించే తునకలు మిగులుతాయి. చిటికెన గోరు కన్నా పెద్దవన్నీ దాచండి. మూత బిగుతుగా పట్టే డబ్బాల్లో రంగుల వారీగా కాకుండా ఆకారం వారీగా పెట్టుకుంటే నాకు త్వరగా దొరుకుతాయి. అంచు ముక్కలు ఒక దాంట్లో, చదునైనవి ఇంకో దాంట్లో, గట్టు ఉన్నవి వేరే. కప్పుల పిడులు దొరికితే వాటినీ ఉంచండి. పిడిని కోసేటప్పుడు పిడి మొదట్లో కాకుండా దానికి రెండు వేళ్ళ దూరంలో కప్పు గోడను కోస్తూ వచ్చి, చివర్లో పిడి చుట్టూ కొరకాలి. పిడి దగ్గర నేరుగా నొక్కితే పిడే ముందు విరుగుతుంది.

పారేయక తప్పని పెంకులను ప్లాస్టిక్ సంచిలో వేసి చెత్తలో కలపకండి. సంచి చీలి, ఎత్తేవాళ్ళ చేతులు తెగుతాయి. గట్టి అట్టపెట్టెలోనో పాత డబ్బాలోనో వేసి, మూత చుట్టూ టేప్ బిగించి, పైన పగిలిన పింగాణీ అని పెద్ద అక్షరాలతో రాసి విడిగా అప్పగించండి. ఆ తర్వాత బల్ల కింద టార్చిలైటును నేలకు ఆనించి ఒకసారి వెలుగు వేయండి. మీరు తుడిచేశాననుకున్న చోట ఇంకో రెండు పెంకులు తళుక్కుమంటాయి.